పనిచేయని స్టాండ్‌బై ప్రాసెసర్ గురించి, మీ మౌనం గురించి ఫిర్యాదు

సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

మా పంపింగ్ కేంద్రాలలో మీరు అమర్చిన, అక్కడి సమాచారాన్ని కంట్రోల్ రూమ్‌కు పంపే ఆర్టీయూలలో (రిమోట్ టెర్మినల్ యూనిట్లలో) ఒకదాని ప్రధాన ప్రాసెసర్ ఆగిపోయినప్పుడు, ఆకుపచ్చ దీపం వెలిగించుకుని సిద్ధంగా ఉన్నట్టే కనిపించిన స్టాండ్‌బై ప్రాసెసర్ బాధ్యత అందుకోలేదు. కాపలా మనిషి కూడా ఉండని ఆ కేంద్రం నుంచి కంట్రోల్ రూమ్‌కు సమాచారం పూర్తిగా నిలిచిపోయింది. మా సిబ్బంది వెళ్లి ప్యానెల్ తెరిచాక, రెండు పవర్ సప్లైలలో ఒకటి అంతకు చాలా ముందే పనిచేయడం మానేసిందని కూడా తేలింది. రెండింటి అవుట్‌పుట్‌లూ, విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ల ద్వారా కలుస్తాయి కనుక ఒకటి పోయినా రెండోది మొత్తం లోడు మోస్తుంది, 24 వోల్టులు నిలకడగానే ఉంటాయి. పోయిన సంగతి చెప్పవలసింది దాని అలారం రిలే ఒక్కటే. ఆ రిలే కాంటాక్టును ఆర్టీయూ ఇన్‌పుట్‌కు కలపకుండానే మీ ఇంజినీరు కమిషనింగ్ (పరీక్షించి అప్పగించే) పత్రాల మీద సంతకం చేసి వెళ్లారు.

యంత్రమన్నాక చెడిపోతుంది, చెడిపోతుందనే అన్నీ రెండేసి కొన్నాం. అందుకు నాకు కోపం లేదు. ఆ తర్వాత మీ కార్యాలయం మాతో వ్యవహరించిన తీరు వల్లే ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మొదట ఫోనెత్తినవారు సీరియల్ నంబరు రాసుకుని, "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూశారా?" అని అడిగారు. ఆగకూడదనే జంట ప్రాసెసర్లు కొన్నవారిని ఆ మాట అడగడానికి కొంత ధైర్యం కావాలి. పైగా అలా చేస్తే స్టాండ్‌బై ఎందుకు కదలలేదో చెప్పగల ఆధారం మెమొరీలోంచి చెరిగిపోవచ్చని నేను వివరిస్తుండగానే అవతలి నుంచి సంగీతం మొదలైంది. తర్వాత విషయం పవర్ సప్లై విభాగానికి చేరింది. వారు ఇది ప్రాసెసర్ సమస్య అన్నారు. ప్రాసెసర్ విభాగం వారు, రెండింటిలో ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్లు వేరైతే వాటికి పొంతన (సింక్) కుదరదు కనుక ఫర్మ్‌వేర్ బృందాన్ని అడగమన్నారు. (ఫర్మ్‌వేర్ ఎక్కించే పాస్‌వర్డు మీ వారి దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు.) ఆ బృందం లాగ్ ఫైళ్లు అడిగితే పంపాం, ఫైలు పెద్దదని మీ మెయిల్ సర్వరు తిప్పికొడితే ముక్కలు చేసి మళ్లీ పంపాం. అందినట్టు ఒక్క మాట రాలేదు కానీ, "కస్టమర్ నుంచి స్పందన లేనందున" టికెట్ మూసివేసినట్టు సందేశం మాత్రం వచ్చింది. కొత్త టికెట్ తెరిపించాను. ఈసారి ఫోనెత్తినవారు సీరియల్ నంబరు అడిగారు.

వారిలో ఒకరు అపారమైన మర్యాద గలవారు. ప్రతి వాక్యం చివరా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటుంటే, ఏ అసౌకర్యమో చెప్పగలరా అని అడిగాను; స్క్రీన్ చూసి చెబుతానన్నారు, లైన్ తెగిపోయింది. మరొకరు, ప్యానెల్ లోపల వేడి ఎక్కువైతే పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు త్వరగా ఎండిపోతాయని పాఠం చెప్పారు. నిజమే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. ఆ ప్యానెల్‌ను రూపొందించింది మీరే కనుక, ఆ పాఠం మీ డిజైన్ విభాగానికి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

మా ఫైలు చూస్తున్న ఇంజినీరు సెలవులో ఉన్నారని, వారు వచ్చేవరకు ఎవరూ ఏమీ చెప్పలేరని ఆఖరుకు తెలిసింది. ప్రధాన ప్రాసెసర్ తాను పనిచేస్తున్నానని పంపే హార్ట్‌బీట్ సంకేతం ఆగిన వెంటనే రెండోది పని అందుకోవాలని మీ మాన్యువల్ మాకు బోధిస్తుంది, మీ సేవా విభాగంలో మాత్రం ఆ రెండోవారు లేరు. తమంతట తాముగా నాకు ఫోను చేసింది మీ అమ్మకాల విభాగం ఒక్కటే: మా మోడల్ పాతబడుతోందట, కొత్తదానిలో స్విచోవర్ (రెండోది పని అందుకోవడం) ఎంతో నమ్మకంగా జరుగుతుందట. పాతదాన్ని అమ్మినప్పుడూ ఇదే మాట చెప్పారు.

తక్కువ ధర చెప్పినవారి వైపు మా కమిటీ మొగ్గినప్పుడు మీ పక్షాన నిలబడి వాదించినవాణ్ణి నేను. మీ కొత్త కస్టమర్లకు మా కంట్రోల్ రూమ్ చూపిస్తామని మీ వారు వచ్చిన ప్రతిసారీ తలుపు తెరిచాను. ఆ గది ఫోటో ఇప్పటికీ మీ బ్రోషరులో ఉంది.

పోయిన పవర్ సప్లైని మేమే తెచ్చి బిగించుకోగలం. స్టాండ్‌బై ఎందుకు కదలలేదో బాధ్యత గలవారి సంతకంతో కారణం కావాలి. మీ మనిషి వచ్చి ప్రతి కేంద్రంలోనూ ప్రధాన ప్రాసెసర్‌ను కావాలని ఆపి, రెండోది పని అందుకోవడం మా కళ్లకు చూపించాలి. అంతవరకు నిర్వహణ ఒప్పందం కింద మీరు పంపిన బిల్లు నా బల్ల మీదే ఉంటుంది. తర్వాతి టెండరుకు మీరు అడిగే అనుభవ ధ్రువపత్రం మీద సంతకం చేయవలసిందీ నేనే కనుక, అందులో ఈ ఉదంతమంతా రాస్తాను. ఈ లేఖ ప్రతిని మా న్యాయ విభాగానికీ, మీ డైరెక్టర్లకూ పంపుతున్నాను; వారు కూడా సీరియల్ నంబరు అడిగితే, అది లేఖకు జతచేసిన కాగితంలో పెద్ద అక్షరాలతో ఉంది.

ఇట్లు,
బాధ్య అధికారి,
టెలిమెట్రీ, నియంత్రణ విభాగం