మా మిద్దె తోట కిట్‌లో చిప్‌ను ఎందుకు మారుస్తున్నామంటే

మిద్దె తోటకు నీళ్లు పెట్టే మా కిట్‌ను కొన్నవారిలో చాలామంది బోర్డును సగంలోనే ఆపి తిరిగి పంపారు. చిప్‌ను ఎంచుకోవడంలో పొరపాటు మాదే. పాత కిట్‌లోని ఎస్‌టీఎం32ఎఫ్030 చిప్ చవక అనీ, రాసిన ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే జీసీసీ కంపైలర్ దానికి ఉచితంగా దొరుకుతుందనీ సంబరపడ్డామే గాని, 0.65 మిల్లీమీటర్ల ఎడంలో 20 కాళ్లుండే ఆ ప్యాకేజీని (చిప్ పైతొడుగును) మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టినవారు ఎలా అతికిస్తారో ఆలోచించలేదు.

తిరిగి వచ్చిన ఒక బోర్డును భూతద్దం కింద పెట్టి చూశాను. రెండు కాళ్లను కలిపేస్తూ సోల్డర్ గడ్డకట్టి ఉంది. దాన్ని తీయాలని పదేపదే వేడి చేయడంతో పక్కనున్న రాగి ప్యాడ్ ఊడి వచ్చింది. అంత ఓపికగా ప్రయత్నించిన మనిషికి క్షమాపణ చెప్పుకోవలసింది మేమే.

కొత్త కిట్‌లో రెండు వరసల్లో 28 కాళ్లుండే డిప్ ప్యాకేజీలో ఏటీమెగా328పీ అనే చిప్ వస్తుంది. కాళ్ల మధ్య 2.54 మిల్లీమీటర్ల ఎడం ఉండటంతో సోల్డర్ లేకుండా సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డులో నేరుగా గుచ్చవచ్చు. చిప్‌ను గుచ్చే సాకెట్ (ఐసీ బేస్) ఇస్తున్నాం కనుక చిప్ పాడైనా బోర్డు జోలికి పోకుండా మార్చుకోవచ్చు. ఈ చిప్ 5 వోల్టులతో కూడా నడుస్తుంది కాబట్టి ఎల్‌సీడీ తెరకి, స్విచ్‌లా పనిచేసే రిలేకి, చిప్‌కి ఒకే సరఫరా చాలు. 8 కాళ్ల ఏటీటైనీ85ను కూడా చూశాం గాని, ఎల్‌సీడీ ఒక్కదానికే 6 కాళ్లు కావాలి, మిగతావాటికి చాలవు.

లైసెన్సు గడువో, కోడ్ సైజు పరిమితో ఉన్న కంపైలర్ తప్ప గతిలేని చిప్పులను మొదటే పక్కన పెట్టాం. ఏటీమెగా328పీ ఏవీఆర్ అనే చిప్పుల కుటుంబానికి చెందింది; దాని కంపైలర్ ఏవీఆర్ జీసీసీ, సీ లైబ్రరీ ఏవీఆర్ లిబ్‌సీ, ప్రోగ్రామును చిప్‌లోకి ఎక్కించే ఏవీఆర్‌డ్యూడ్ మూడూ లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటులలో ఒక్క కమాండ్‌తో వచ్చేస్తాయి. పోలికల ఫలితాలను జీసీసీ లోపల చూసుకునే పాత కండిషన్ కోడ్ పద్ధతిని తొలగిస్తారన్నప్పుడు, దానిపైనే ఆధారపడిన ఏవీఆర్ మద్దతు కూడా దానితోపాటే పోతుందేమోనని బెంగపడ్డాను. 2022లో వచ్చిన జీసీసీ 12 నాటికి ఏవీఆర్ మద్దతును కొత్త పద్ధతికి మార్చిన వారికి ఎంతో రుణపడి ఉన్నాను.

ఒక లోటు ఉంది. ప్రోగ్రాము నిల్వ ఉండే ఫ్లాష్ 16 నుంచి 32 కిలోబైట్లకు పెరిగినా, పని చేస్తున్నప్పుడు వాడే ర్యామ్ 4 నుంచి 2 కిలోబైట్లకు తగ్గుతుంది; అందుకే తెరపై చూపే మాటలన్నీ ఫ్లాష్‌లోనే ఉండేలా ప్రోగ్రామును తిరగరాశాం. కిట్ ధర కూడా కొంత పెరుగుతుంది.

పాత కిట్‌ను ఇంకా అతికించనివారు పంపితే, చిప్‌ను మేమే అతికించి, పరీక్షించి, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుని తిరిగి పంపుతాం.