భయపడ్డ జనాన్ని తప్పు పట్టకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొవిడ్ మొదలైన రోజుల గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో జనం గురించి రాసిన తీరు నాకు నచ్చలేదు, ఆ మాట సూటిగా చెప్పడానికే ఈ ఉత్తరం. జనం వెర్రెత్తినట్టు దుకాణాల మీద పడ్డారనీ, ఫోన్లో వచ్చిందల్లా నమ్మేశారనీ, చెప్పిన మాట చెవిన పెట్టలేదనీ రాశారు. అలా చేసినవాళ్లు లేరని నేను అనను. కానీ ఆ రోజుల్లో మామూలు మనిషికి ఎవరు ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది చూడకుండా అతని మీద తీర్పు చెప్పేయడం అన్యాయం.

ఒక్కసారి తేదీలు గుర్తు చేసుకోండి. వూహాన్‌లో అంతుబట్టని న్యుమోనియా కేసులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిసింది 2019 డిసెంబర్ 31న. 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి అన్నారు, మార్చి 11న మహమ్మారి అన్నారు. ఈ మధ్యలో చాలా దేశాల్లో పెద్ద పెద్దవాళ్లే ఇది మామూలు ఫ్లూ లాంటిదే, కంగారు పడొద్దు అని చెప్తూ వచ్చారు. జనం కూడా ఎక్కడో ఉందిలే, మనదాకా రాదులే అనుకున్నారు. తర్వాత ఒకటి రెండు వారాల్లోనే అదే జనం నిద్ర మానేసి కేసుల లెక్క చూస్తూ కూర్చున్నారు. అటు నిర్లక్ష్యం, ఇటు భయం అని రెండు వైపులా వాళ్లనే తిడితే ఎలా? మూడు రోజులకోసారి రెట్టింపయ్యేది నెల తిరిగేసరికి వెయ్యి రెట్లు దాటుతుంది, అంటే ఈ రోజు 100 ఉన్నది నెలకల్లా లక్ష దాటుతుంది. ఇది కాగితం మీద వేసి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది, చూపించకపోతే చదువుకున్నవాడి బుర్రకు కూడా తట్టదు. మొదట్లో ఎంతమంది చూపించారు?

ఖాళీ అయిన దుకాణాల సంగతి. షాపుల్లో నెలల సరుకు పెట్టుకోరు, రోజువారీ అమ్మకం ఎంతో చూసుకుని కొద్ది రోజులకు సరిపడా తెప్పించుకుంటారు. ప్రతి ఇంటివాళ్లూ ఒకే రోజు రెండు వస్తువులు ఎక్కువ కొంటే చాలు, సాయంత్రానికి అరలు ఖాళీ. పైగా బడీ ఆఫీసూ మూసేసి అందర్నీ ఇంట్లో కూర్చోమంటే ఇంట్లో వాడకం పెరగదా? దాచుకుని ఎక్కువ రేటుకు అమ్ముకున్నవాళ్లు వేరు, వాళ్లను తిట్టండి, నేనూ తిడతాను. కానీ ఖాళీ అరల ఫొటో మొదటి పేజీలో చూసి, రేపు దొరకదేమోనన్న టెన్షన్‌తో పరుగెత్తిన తల్లిని కూడా వాళ్లతో కలిపి స్వార్థపరురాలు అనకండి.

మాస్కుల గురించీ అంతే. జబ్బు లేనివాళ్లకు మాస్కు అవసరం లేదని మొదట చెప్పారు. జనం గుమిగూడే చోట, దూరం పాటించలేని చోట మాస్కు వాడేలా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మార్చింది 2020 జూన్‌లో. ఈలోగా వస్తువుల మీద నుంచి అంటుకుంటుందని అందరం తలుపు గడియలు తుడిచాం, తెచ్చిన ప్రతి కవరూ కడిగాం, మీ పేపర్ ముట్టుకోడానికి కూడా చాలామంది భయపడ్డారు. చేతులు కడిగీ కడిగీ వేళ్ల సందుల్లో చర్మం చీలి, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే మండేది. అసలు ముప్పు ఎక్కువగా ఉన్నది తలుపులు మూసిన గదిలో అందరూ పీల్చే గాలిలో అని బాగా ఆలస్యంగా తెలిసింది. సలహా మారినందుకు నేను తప్పు పట్టను, కొత్త జబ్బు గురించి తెలిసేకొద్దీ మాట మారుతుంది. ఎందుకు మారిందో చెప్పకపోవడమే నా బాధ. వైద్య సిబ్బందికే మాస్కులు చాలడం లేదని, లక్షణాలు కనబడకముందే అంటుతుందన్న సంగతి ఇప్పుడిప్పుడే తేలుతోందని చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవాళ్లు. కారణం తెలిసిన చోట పాత బట్టలు కత్తిరించి మాస్కులు కుట్టుకుని, పక్కింటికి కూడా ఇచ్చారు కదా.

పుకార్లు నమ్మినవాళ్ల గురించి మీ వ్యాసంలో రాసిన మాట నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. ఇరాన్‌లో మద్యం తాగితే వైరస్ చస్తుందన్న ప్రచారం నమ్మి మెథనాల్ కలిసిన విషం తాగి వందల మంది పోయారు. బ్రిటన్‌లో 5జీ వల్లే జబ్బు వస్తోందని టవర్లకు నిప్పు పెట్టారు. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందన్న మాట పాకగానే దాని కోసం ఎగబడ్డారు, దానితోనే నెట్టుకొస్తున్న లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) రోగులకు చాలాచోట్ల మందు దొరకలేదు. ఇవన్నీ ఘోరాలే. అయితే ప్రాణభయంలో ఉన్న మనిషికి చేతికి ఏదో ఒక పని కావాలి. ఇంట్లో కూర్చో, వేచి చూడు అంటే కూర్చోలేడు. చెయ్యదగ్గ మంచి పని మనం చూపించకపోతే చెడ్డ పని చూపించేవాడి మాట వింటాడు, అందులో తెలివితక్కువతనం నాకేమీ కనబడలేదు.

చెయ్యదగ్గ పని చూపిస్తే ఏమైందో చూడండి. 2020 మార్చిలో బ్రిటన్‌లో ఒంటరిగా ఉన్నవాళ్లకు మందులు చేర్చడానికీ, ఫోన్ చేసి పలకరించడానికీ 2.5 లక్షల మంది వాలంటీర్లు కావాలని అడిగితే కొద్ది రోజుల్లోనే 7.5 లక్షల మంది పేర్లిచ్చారు. మేముండే భవనంలో ఎవరూ అడక్కుండానే కింద మెట్ల దగ్గర ఒక కాగితం అతికించారు. బండి ఉన్నవాళ్లెవరు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, రోజూ మందులు వేసుకోవాల్సినవాళ్లెవరు, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయొచ్చు అని చేత్తో గీసిన గడులు. వచ్చేపోయేవాళ్లు శానిటైజర్ చేతుల్తో ముట్టుకుంటే సిరా అలికిపోయేది, ఎవరో ఒకరు మళ్లీ కొత్త కాగితం మీద రాసి పెట్టేవాళ్లు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇళ్లవాళ్ల నంబర్లు ఒకే కాగితం మీదకొచ్చాయి. పై అంతస్తులో ఒక్కతే ఉండే పెద్దావిడ రోజూ పొద్దున అదే వేళకు ఫోన్ చేసి "నేను బాగానే ఉన్నానమ్మా" అని చెప్పి పెట్టేసేది, ఆ ఫోన్ ఆలస్యమైతే ఇద్దరు ముగ్గురు మెట్లెక్కేవాళ్లు. ఇలాంటివి ఎన్ని భవనాల్లో, ఎన్ని వీధుల్లో జరిగాయో, మీ వ్యాసంలో మాత్రం ఒక్క వాక్యం లేదు.

పత్రికల బాధ్యత గురించి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. 1918 ఫ్లూకి స్పానిష్ ఫ్లూ అని పేరు పడింది స్పెయిన్‌లో పుట్టినందుకు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్న దేశాల్లో వార్తల మీద ఆంక్షలుంటే, తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు దాచకుండా రాశాయి, పేరు వాళ్లకు అంటుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యులు వద్దని మొత్తుకుంటున్నా 2 లక్షల మందితో యుద్ధ నిధుల ఊరేగింపు జరిపించారు, కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. పేపర్లో ఏం పరవాలేదని, పక్కింట్లో శవం. అలాంటప్పుడు మనిషి ఎవరి మాట నమ్మాలి?

మళ్లీ ఇలాంటిది వస్తే, మొదటి వారం నుంచే రోజూ ఒకే చోట ఒక పెట్టె కట్టి వేయండి. ఇప్పటికి ఖాయంగా తెలిసిందేమిటి, ఇంకా తెలియనిదేమిటి, నిన్నటి సలహాలో ఈ రోజు ఏది మారింది, ఎందుకు మారింది. తెలియదు అని అచ్చు వేయడానికి మొహమాటపడకండి, ఆ మాట చూసి జనం బెదిరిపోరు. ఖాళీ అరల ఫొటో వేస్తే మళ్లీ సరుకు ఎప్పుడొస్తుందో కనుక్కుని దాని కిందే వేయండి. సాయం చేస్తామన్నవాళ్ల నంబర్లు, నిజంగా ఎత్తుతారో లేదో ఒకసారి చేసి చూసి, పెద్ద అక్షరాల్లో వేయండి. ఫోన్లో వార్తలు చూడటం రానివాళ్లకు మీ పేపరే దిక్కు.

ఇట్లు,
మీ పాఠకురాలు