ఎంజీబీఎస్‌లోనే ఆగిపోయే మా రైలు గురించి మంత్రి గారికి

రాష్ట్ర పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ పాతబస్తీకి మెట్రో రైలు కోసం మా గల్లీవాళ్లమంతా సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీలు ఏ బల్ల మీద ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో తెలియదు. అందుకే ఇలా నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

2010లో ఒప్పందం రాసుకున్ననాడు ఈ లైను సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా. 2020 ఫిబ్రవరి 7న రిబ్బన్ కత్తిరించింది ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వరకే. ఢిల్లీ తర్వాత మనదే పెద్ద మెట్రో అని ఆ రోజు అందరూ మురిసిపోతే మేమూ చప్పట్లు కొట్టాం. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు వెనకాలే వస్తాయనుకున్నాం మరి!

ఎంజీబీఎస్ స్టేషన్‌ని తక్కువ చేయను. ఒకదాని మీద ఒకటిగా రెండు లైన్లు, రోడ్డు మీదికి దిగకుండానే రైలు మారొచ్చు, బస్టాండుకు పోవడానికి పైనుంచే నడక వంతెన. మూటాముల్లెతో ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఎంత సుఖమో. కానీ సుల్తాన్‌బజార్ దాటి వచ్చిన మా రైలు అక్కడ మమ్మల్ని దించేసి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎల్బీనగర్ రైలు మూసీ దాటి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వెళ్తూనే ఉంది. మా రైలుకే ఈత రాదు కాబోలు.

జేబీఎస్ నుంచి పావుగంటలో వచ్చి పడతాం. అక్కణ్ణుంచి మా శాలిబండకు ఆటోవాడితో బేరం, మదీనా చౌరస్తా దగ్గర ఇరుక్కోవడం, సాయంత్రమైతే రైలెక్కిన సుఖమంతా అక్కడే ఆవిరి. రంజాన్ రాత్రుల్లో, లాల్‌దర్వాజ బోనాలనాడు ఆటో ఊసే ఎత్తొద్దు, నడకే. చంటిపిల్లతో ఉన్న తల్లిని, మోకాళ్ల నొప్పుల ముసలాయన్ని కూడా నడవమనే అంటారా సార్?

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన అయింది. లైను చాంద్రాయణగుట్ట దాకా, ఏడున్నర కిలోమీటర్లకు పెరిగింది. సంతోషం. స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అని పేర్లూ పెట్టారు. ఆ కట్టడాలకు దెబ్బ తగలకుండా అర కిలోమీటరు దూరంలో కడతామన్నారు, అదీ మంచిదే. పేర్లయితే మాకు కంఠతా వచ్చాయి.

దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, అలీజా కోట్లా, హరిబౌలి, ఈ దారిలో దుకాణాలవాళ్ల గోస వేరు. రోడ్డు వెడల్పులో పోతుందంటే ఆ దుకాణానికి సున్నం వేయించుకోవాలా వద్దా? అమ్ముదామంటే కొనేదెవరు? పిల్ల పెళ్లికని దాచుకున్న ఆస్తి అదే అయితే? నష్టపరిహారం గురించి తలో మాటా చెబుతున్నారు. ఒక్కరైనా తిన్నగా కూర్చోబెట్టి చెబితే ఏం పోయింది?

రైలు వచ్చేదాకా ఎంజీబీఎస్ దగ్గర రైలు టైముకు అందేలా చార్మినార్, ఫలక్‌నుమా వైపు చిన్న బస్సులు వేయండి. మెట్రో టికెట్టే బస్సులోనూ చెల్లనివ్వండి. దీనికి పిల్లర్లు అక్కర్లేదు కదా! ఇక మాకో తారీఖు చెప్పండి. ఇంకో శంకుస్థాపనది కాదు సార్, రైలు వచ్చేది.

ఇట్లు,
శాలిబండ వాసి