లంచ్ బ్రేక్‌లో తినడానికి టైమ్ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఏం తినాలి, ఎంత తినాలి అన్నదాని మీద మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. శ్రద్ధగా చదువుతాను. కానీ తినడానికి వాళ్లకు ఎంతసేపు దొరుకుతోందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. బడి నుంచి రాగానే లంచ్ బాక్స్ తెరిచి చూడడం నాకు అలవాటు. మెత్తగా ఉన్నవన్నీ అయిపోయి ఉంటాయి, నమలాల్సినవన్నీ మిగిలి ఉంటాయి. క్యారెట్ ముక్కలు పెట్టినవి పెట్టినట్టే. ఆపిల్ ముక్క మీద రెండు పంటి గాట్లు, సాయంత్రానికి అవీ గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. "ఇష్టం లేదా?" అంటే, "ఇష్టమే అమ్మా, అంతలోనే బెల్ కొట్టేశారు" అంటుంది.

కనుక్కుంటే తెలిసింది, లంచ్ బ్రేక్ అరగంటేనట. చేతులు కడుక్కునే లైను, బాక్స్ తెచ్చుకుని చోటు వెతుక్కోవడం, తిన్నాక సర్దుకోవడం తీసేస్తే తిండికి మిగిలేది పది పన్నెండు నిమిషాలు. ఆ మధ్య మలబద్ధకంతో బాధపడుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "పీచు పెంచండి, నీళ్లు బాగా తాగించండి" అన్నారు. నేను పీచు పెడుతూనే ఉన్నాను. అది తీరిగ్గా నమలడానికే మా అమ్మాయికి వీలు చిక్కడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 21 గ్రాముల పీచు కావాలి. అది ఉండేది పొట్టులో, తొక్కలో, గింజల్లో, ఆకుల్లో. గబగబా మింగేస్తే దిగే తిండి కాదు. మన చిన్నపేగు పీచును అరిగించుకోలేదు. అది పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా పులియబెడతాయి. అప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలే పేగు గోడలోని కణాలకు ఆహారం. ఆ తిండి రోజూ బాక్స్‌లోనే ఉండిపోతుంటే వాటికి అందేదేముంది?

నమలడాన్ని చిన్న విషయంగా తీసిపారేయకూడదు. పిండిపదార్థం అరగడం లాలాజలంతో నోట్లోనే మొదలవుతుంది. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి కడుపులోకి తుపాకీ గుండు దూసుకెళ్లింది. గాయం మానినా రంధ్రం పూడలేదు. వైద్యం చేసిన విలియమ్ బోమాంట్ ఆహారం ముక్కల్ని దారానికి కట్టి, ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలి, ఏది ఎంతసేపట్లో అరుగుతుందో ఏళ్ల తరబడి చూశారు. ముక్కలు ఎంత చిన్నవైతే అంత తేలిగ్గా అరుగుతాయనీ, మనిషి కోపంగా ఉంటే అరుగుదల దెబ్బతింటుందనీ 1833లో ప్రచురించారు. అయినా ఈ రోజుకీ మన పిల్లలు బెల్ ఎప్పుడు కొడతారోనన్న టెన్షన్‌తో తింటున్నారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందంటారు. ఈలోపే ముగించాల్సి వస్తే ఆకలి తీరిందో లేదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? షిఫ్టుల్లో పనిచేసే పెద్దలదీ ఇదే అవస్థ.

బడుల యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. లైను, నడక, సర్దుకోవడం లెక్కలోకి రాకుండా, పిల్లలు బాక్స్ ముందు కూర్చున్నాక కనీసం 20 నిమిషాలు ఇవ్వండి. సిలబస్ పూర్తికాదని అంటారని తెలుసు. అర్ధాకలితో కూర్చున్న పిల్లలకు మధ్యాహ్నం క్లాసులో చెప్పేది ఎంత తలకెక్కుతుంది? టైమ్‌టేబుల్ ఇప్పుడే మార్చలేకపోతే కుళాయిలైనా పెంచండి. మా అమ్మాయి వాళ్ల వరండాలో మూడు తరగతులకు ఉన్నవి రెండే. ఇంకో నాలుగు పెట్టిస్తే ఆ లైనులో పోయే నిమిషాలు పిల్లలకు కలిసొస్తాయి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నేను ఇదే అడగబోతున్నాను. ఇది చదివిన తల్లిదండ్రులు కూడా తమ పిల్లల బడుల్లో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి