మీ సెటప్‌కి 32కీ 64కీ తేడా తెలియదు, ఫార్మాట్ మాత్రం మమ్మల్ని కొట్టించుకోమంటారు

సపోర్ట్ టీమ్ వారికి,

మా బావగారి మెడికల్ షాపులో మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరే వాడతాం. మొన్న కంప్యూటర్ మార్చాం, 64-బిట్ విండోస్ 10. మీ సెటప్ నడిపిస్తే అంతా ఎక్కింది గానీ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి కంప్యూటర్‌కి గుచ్చే తాళంలాంటి పరికరం) మాత్రం పలకలేదు. తీరా చూస్తే మీ సెటప్ 32-బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) పెట్టింది. 64-బిట్ విండోస్‌లో ఆ డ్రైవర్ లోడ్ కాదని డాంగిల్ అమ్మే మీకు నేను చెప్పాలా?

ఫోన్ చేస్తే మీ అబ్బాయి కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి, ప్రాసెసర్_ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ ఏ రకమో విండోస్ చెప్పే పేరు) ఏమని వస్తోందో చదవమన్నాడు. ‘ఏఎండీ64’ అని చదివాను. "మీది ఇంటెల్ కదండీ, ఏఎండీ అని వస్తోందంటే విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టించండి" అన్నాడు! ఆ 64-బిట్ డిజైన్ ముందు తెచ్చింది ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ కాబట్టి ఆ పేరు ఉండిపోయింది, ఇంటెల్ మిషన్లోనూ అదే వస్తుంది. పాత బిల్లులన్నీ అప్పుడే కాపీ చేసి పెట్టుకున్న బావగారికి ఆ మాట వినగానే ఎంత టెన్షనో!

నేనూ ప్రోగ్రామర్నే కాబట్టి తవ్వి చూశాను. విండోస్ తన 32-బిట్ ఫైళ్లు పెట్టుకునే సిస్‌వావ్64 ఫోల్డర్లో ఉన్న 32-బిట్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే అడిగితే ‘ఎక్స్86’, అంటే 32-బిట్ అంది. ఒకే కంప్యూటర్, రెండు జవాబులు. పాత ప్రోగ్రాములు తికమకపడకూడదని, 32-బిట్ ప్రోగ్రాం అడిగితే విండోస్ కావాలనే అలా చెబుతుంది. మీ సెటప్ కూడా 32-బిట్టే, ఆ మాట నమ్మేసింది. ప్రాసెసర్ సంగతి విండోస్‌ని అడిగే ఫంక్షన్లలో గెట్‌సిస్టమ్‌ఇన్ఫో బదులు గెట్‌నేటివ్‌సిస్టమ్‌ఇన్ఫో పిలిస్తే అసలు సంగతి తెలిసేది, లేదా 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాంకి మాత్రమే కనిపించే ప్రాసెసర్_ఆర్కిటెడబ్ల్యూ6432 ఉందేమో చూసినా సరిపోయేది.

ఎలాగూ కోడ్ ముట్టుకుంటారు కాబట్టి ఇంకొకటి: ఆర్మ్ (ఇంటెల్, ఏఎండీలది కాని వేరే రకం ప్రాసెసర్) లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంటే గెట్‌నేటివ్‌సిస్టమ్‌ఇన్ఫో కూడా మీ ప్రోగ్రాంకి అబద్ధమే చెబుతుంది, అక్కడ ఈజ్‌వావ్64ప్రాసెస్2 అనే ఫంక్షన్‌ని అడగాలి. ఆర్మ్‌కి వేరే డ్రైవర్ కావాలి, అది మీ దగ్గర లేకపోతే లేదని సెటప్ మొదట్లోనే చెప్పి ఆగిపోనివ్వండి, సగం ఎక్కించి మమ్మల్ని తిప్పించకండి.

నాలుగు రోజులుగా షాపులో చేత్తో బిల్లులు రాస్తున్నారు. 64-బిట్ డ్రైవర్ ఫైల్ విడిగా ఈరోజే మెయిల్ చేయండి, సెటప్ ఎప్పుడు సరిచేస్తారో తేదీ చెప్పండి. అలాగే మీ అబ్బాయికి ఏఎండీ64 అంటే ఏంటో కాస్త చెప్పండి, ఇంకెవరి చేతైనా ఫార్మాట్ కొట్టించేలోపు.