సబ్బుల ఖర్చు పెరిగితే ప్రాంతం బాగుపడినట్టేనా?

గణాంక శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. రోజువారీ సరుకుల మీద జనం ఖర్చు పెరిగింది కాబట్టి ప్రాంతం కోలుకుంటోందని మీ నివేదికలో రాశారు. పెరిగింది సరుకా, ధరా? పెట్రోలు కూడా ఈ పద్దులోదే. దాని ధర ఎగబాకితే, బండి తక్కువ తిరిగినా ఖర్చు పెరిగినట్టే కనబడుతుంది. ధరల పెరుగుదల తీసేసిన అంకెను కూడా పక్కన వేయండి.

ఫ్రిజ్ కొనడం వాయిదా వేయొచ్చు, సబ్బు వాయిదా వేయలేం. అందుకే మాంద్యంలో మన్నికైన వస్తువుల అమ్మకాలు దబ్బున పడతాయి, సబ్బులాంటివి మెల్లగా జారతాయి. వీటి అమ్మకాలు కొంచెం తగ్గినా టెన్షన్ పడాల్సిందే. అసలు మార్పు మొత్తంలో కన్నా ముందు ఇంట్లో తెలుస్తుంది: పెద్ద ప్యాకెట్టు పోయి చిన్నది వస్తుంది, టూత్‌పేస్ట్ ట్యూబుని కత్తిరించి లోపల గీకుతారు. మీ పట్టికలో వీటికి గడి లేదు. ప్యాకెట్ల సైజు వారీగా అమ్మకాలు తీసుకుంటే కొంతైనా తెలుస్తుంది.

ఆదాయం పెరిగేకొద్దీ ఆహారానికి పోయే వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. అంటే రోజువారీ సరుకుల ఖర్చు మొత్తం ఒక్కటే చాలదు, ఇంటి బడ్జెట్‌లో దాని వాటా కూడా కావాలి.

ఇంకొకటి. పక్క ప్రాంతం వాళ్లు వచ్చి కొనుక్కెళితే ఆ బిల్లు మన ఖాతాలో పడుతుంది. మనవాళ్లు బయట కొన్నది పడదు (ఆన్‌లైన్ సంగతి సరేసరి). అమ్మిన చోటు లెక్క, కొన్నవాళ్లు ఉండే చోటు లెక్క వేరువేరుగా ఇవ్వగలరా?

ఇట్లు,
మీ నివేదికలు వదలకుండా చదివే ఒక పౌరుడు