ఆ మలినం ఏ పొరలో కూర్చుంది?

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసంలో ‘పదార్థం ఎంత శుద్ధంగా ఉంటే అతివాహకత అంత బాగుంటుంది’ అని రాశారు. అతివాహకత అంటే బాగా చల్లబరిస్తే పదార్థంలో కరెంటుకు అడ్డే లేకపోవడం. సీసం లాంటి మామూలు లోహాల్లో కూడా అయస్కాంత గుణం లేని మలినం కొద్దిగా కలిస్తే క్రాంతిక ఉష్ణోగ్రత, అంటే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత, పెద్దగా కదలదు. పొరలుపొరలుగా ఉండే కాపర్ ఆక్సైడ్లలోనైతే ఆ మాట తలకిందులే.

శుద్ధమైన లాంథనం కాపర్ ఆక్సైడ్ అసలు కరెంటే పోనివ్వదు. ఫార్ములాలోని రెండు లాంథనంలలో 0.05కు మించి స్ట్రాన్షియంగా మారిస్తే అతివాహకత మొదలవుతుంది. 0.16 దగ్గర క్రాంతిక ఉష్ణోగ్రత సుమారు 38 కెల్విన్‌కు చేరుతుంది. 0.27 వచ్చేసరికి మళ్లీ పోతుంది. స్ట్రాన్షియం కూర్చునేది పక్క పొరలో. రాగి పొరలో ఎలక్ట్రాన్లు తగ్గేది మాత్రం దానివల్లే. ధవళేశ్వరంలో గేటెత్తితే కోనసీమ చేలో నీటిమట్టం మారినట్టన్నమాట. నీళ్లు చాలకపోయినా, ముంచెత్తినా పంట దక్కదు.

జింక్ అలా కాదు, రాగి స్థానంలోనే దిగబడుతుంది. దానికి అయస్కాంత గుణం లేదు, అయినా 92 కెల్విన్ల దగ్గర అతివాహకమయ్యే వై.బి.సి.ఓ.ను (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్‌ల సమ్మేళనం) అయస్కాంత గుణమున్న నికెల్ కంటే ఎక్కువ దెబ్బతీస్తుంది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జతలుగా కదులుతాయి. ఇక్కడ ఆ జతల తరంగం ఒక దిశలో ప్లస్, దానికి అడ్డంగా మైనస్. జింక్‌కు తగిలి చెదిరిన ఎలక్ట్రాన్లు ఈ రెంటినీ కలిపేస్తాయి, జత విడిపోతుంది. అసలు ముచ్చటైన భాగం ఇదే, వ్యాసంలో దీని ఊసే లేదు.

జింక్ దెబ్బను డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో వై.బి.సి.ఓ. తయారుచేసి చూడొచ్చు. ఇట్రియం ఆక్సైడ్ 2.258 గ్రాములు, బేరియం కార్బొనేట్ 7.894, కాపర్ ఆక్సైడ్ 4.773 తూచి అగేట్ కల్వంలో నూరాలి. బేరియం కార్బొనేట్ విషం, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. రెండో మోతాదులో కాపర్ ఆక్సైడ్ 4.630కి తగ్గించి, జింక్ ఆక్సైడ్ 0.146 గ్రాములు కలపాలి. అంటే రాగిలో నూటికి 3 వంతులు, చిటికెడు కూడా కాదు. రెంటినీ 900–930 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, మళ్లీ నూరి, పెల్లెట్లు (బిళ్లలు) నొక్కి 930 దగ్గర ఇంకోసారి కాల్చాలి. తర్వాత ఆక్సిజన్ పారిస్తూ 450 దగ్గర రాత్రంతా ఉంచి మెల్లగా చల్లార్చాలి. ద్రవ నైట్రోజన్‌లో, అంటే 77 కెల్విన్ల దగ్గర, మొదటి పెల్లెట్ మీద చిన్న అయస్కాంతం తేలుతుంది. జింక్ పెల్లెట్ మీద తేలదు.

రెండు పెల్లెట్లూ ఒకే కొలిమిలో, ఒకే విడతలో కాల్చాలి. తొందరపడి చల్లారిస్తే ఆక్సిజన్ చాలక శుద్ధమైనదీ పనిచేయదు, నెపం జింక్ మీదికి పోతుంది. అల్యూమినా మూసకు నేరుగా తగిలితే అల్యూమినియం కూడా ఎక్కుతుంది. అందుకని పెల్లెట్ కింద అదే పొడి పరచాలి.

మన డెల్టా గాలిలో తేమ మరో తలనొప్పి. పెల్లెట్‌ను బయట వదిలేస్తే తేమకు బేరియం విడివడి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన తెల్లగా పూస్తుంది. నైట్రోజన్‌లోంచి తీసిన పెల్లెట్ మీద మంచు కరిగి నీరవుతుంది కాబట్టి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో మూత బిగించి పెట్టాలి.

— ఫిజిక్స్ అధ్యాపకులు, అమలాపురం